క్లబ్బుకు కోచ్ ఉన్నాడు, గుమాస్తా లేడు

సంపాదకులకు నమస్కారం.

రైల్వేలో గుమాస్తాగా చేసి మూడేళ్ల కిందట రిటైరయ్యాను. ఉండేది బరంపురంలో. రోజూ పొద్దున్నే వెయిట్‌లిఫ్టింగ్ క్లబ్బుకు వెళ్తున్నానంటే తెలిసినవాళ్లు నా పొట్ట వంక చూసి నవ్వుతారు. నిజమే, ఇరవై కిలోల ఉత్త రాడ్డు కూడా నేను ఎత్తలేను. నా పనంతా మూలనున్న బల్ల దగ్గర.

మా ఊళ్లో బరువులెత్తే పిల్లలకు కొదవ లేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2014 గ్లాస్గోలో రజతం గెలిచిన కె. రవికుమార్ ఈ ఊరివాడే. నేర్పేవాళ్లూ ఉన్నారు. లేనిదల్లా కాగితాలు చూసే మనిషి.

చేరిన ఏడాదే ఆ సంగతి తెలిసొచ్చింది. మన తెలుగు కుర్రాడొకడికి జనన ధ్రువపత్రంలో మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంది. స్కూల్లో ఒడియా పద్ధతిలో దాన్ని చివరికి తోశారు. ఆధార్‌లో ఒట్టి పొడి అక్షరం. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు! యూత్ విభాగానికి 13 నుంచి 17 ఏళ్లు, పుట్టిన సంవత్సరాన్ని బట్టి లెక్క. వయసు రుజువు కాకపోతే ఎంత ఎత్తినా దండగే. వాడి ఎంట్రీ వెనక్కొచ్చింది. వాళ్ల నాన్న కూలి మానుకుని ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. వెళ్లిన ప్రతిసారీ ఇంకో కాగితం అడిగారట. ఆయనకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.

ఐదోసారి నేను వెంట వెళ్లాను. పాసులు, పీఎఫ్, పెన్షన్ కాగితాల్లో ఇలాంటి పేర్ల తేడాలు సరిచేయడమే కదా నేను సర్వీసంతా చేసింది! అఫిడవిట్ రాయించి పెడితే పనైంది. కానీ అప్పటికి పోటీలు అయిపోయాయి. వాడికి యూత్‌లో అదే ఆఖరి ఏడాది.

అప్పట్నుంచి కొత్తగా ఎవరు చేరినా రాడ్డు పట్టుకోకముందే ఆ మూడు కాగితాలూ నా బల్ల మీదికి రావాలి. ఒడియా పిల్లలు 'మౌసా' (మన 'బాబాయి' లాంటి పిలుపు) అంటారు, మనవాళ్లు 'తాతగారూ' అంటారు. రెండోది మొదట్లో కాస్త చివుక్కుమనిపించింది.

వార్షికోత్సవానికి పిలిస్తే శాలువా కప్పించుకుని ప్రసంగించే రిటైర్డ్ ఉద్యోగులు ఊళ్లో చాలామందే ఉన్నారు. నేనూ అలా ఒకసారి వెళ్లినవాణ్ణే. ఆ ప్రసంగం ఎవరికీ గుర్తుండదు గానీ, వారానికి రెండు పూటలు వచ్చి ఫారాలు నింపితే ఓ పిల్లాడి ఏడాది మిగులుతుంది. ఆటలు రానక్కర్లేదు, ఒడియా చదవడం వస్తే చాలు.

స్కూళ్ల హెడ్‌మాస్టర్లకూ ఒక మనవి. తొమ్మిదో తరగతి బోర్డు రిజిస్ట్రేషన్ అయ్యాక పేరు మార్చాలంటే మహా ప్రయాస. అంతకుముందే ఓ రోజు తల్లిదండ్రుల్ని పిలిచి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రోజు కబురు పెడితే, నా కళ్లద్దాలు, పెన్ను నేనే తెచ్చుకుంటాను.

— విశ్రాంత రైల్వే ఉద్యోగి,
బరంపురం, గంజాం జిల్లా