బల్లి, పిల్లి, మా టీవీ

ఒరేయ్,

పిల్లిపిల్లను తెచ్చుకుంటున్నావని చదివి సంతోషించాను. దానికి గిన్నె కొన్నావు, బుట్ట కొన్నావు, పేరు కూడా పెట్టేశావు. టీవీ సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఫోనులో చెబితే నవ్వి వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల మా పిల్లి మీను టీవీని పడేసింది. ఆ సాయంత్రం వాన వెలిసి ఉసిళ్ళు లేచాయి. లైట్లన్నీ ఆర్పి టీవీ ఒక్కటే ఉంచామేమో, అవన్నీ వచ్చి తెర మీద వాలాయి. వాటి కోసం గోడ మీద నుంచి బల్లి దిగింది. బల్లి కోసం మా మహాతల్లి ఎగిరి టీవీ పై అంచు పట్టుకుని వేలాడింది. అది 43 అంగుళాల టీవీ, నిలబడేది రెండు ప్లాస్టిక్ కాళ్ళ మీద. ముందుకు తూలి బోర్లా పడింది. బల్లి తోక వదిలేసి తప్పించుకుంది.

లేపి చూస్తే ఎక్కడా బీట లేదు. హమ్మయ్య అనుకుని ఆన్ చేశాను. ఒక మూల సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ, అక్కడి నుంచి కిందికి రంగురంగుల గీతలు! ప్యానెల్ మార్చే డబ్బుకు ఇంచుమించు కొత్తదే వస్తుందన్నాడు మెకానిక్. కిందపడితే వారంటీ వర్తించదట. మన చిన్నప్పటి డబ్బా టీవీ మీద మీ పిల్లి వెచ్చగా పడుకుని తోక కిందికి వేలాడేసేది, గుర్తుందా? వార్తలు చదివే ఆవిడకు మీసం మొలిచినట్టుండేది. ఆ టీవీని పిల్లి కాదు, మనమిద్దరం తోసినా కదిలేది కాదు.

క్యాలెండరు మేకుకే ఒప్పుకోని మా ఇంటి ఓనరు, ఆ గీతలు చూసి జాలిపడి టీవీని కట్టుకోవడానికి గోడకు రెండు బెజ్జాలు వేసుకోనిచ్చాడు. మొదటిది నేనే వేశాను. బూడిదరంగు ఇసుక రాలింది, మర పట్టుకునే ప్లాస్టిక్ ప్లగ్గు పెడితే వేలితో లాగినా ఊడి వచ్చింది. ఇటుకల మధ్య సందులో పడిందన్నమాట. నాలుగు వేళ్ళు పక్కకు జరిపితే ఎర్రటి పొడి వచ్చింది. అదీ ఇటుక! ఇక మర బిగిస్తే కదల్లేదు.

నీ టీవీ వెనక చూడు, గోడకు తగిలించుకునే నాలుగు మర బెజ్జాలుంటాయి. పై రెండింటికీ బకిల్ ఉన్న నైలాన్ పట్టీలు బిగించి, గోడలోని కొక్కేలకు కట్టాలి. కొక్కెం ఆ బెజ్జాలకంటే కాస్త కిందుగా ఉంటే మంచిది. పట్టీ వదులుగా ఉంటే కట్టీ ప్రయోజనం లేదు. మర మాత్రం టీవీ పుస్తకంలో రాసిన పొడవుదే వాడు, ఎక్కువైతే లోపల బోర్డుకు గుచ్చుకుంటుంది. తీగలు వేలాడనివ్వకు, పిల్లిపిల్లకు అంతకంటే ఆటవస్తువు లేదు. నీ కంప్యూటర్ తెరకైతే టేబుల్ అంచుకు బిగించే ఇనుప చెయ్యి కొనుక్కో. గోడ జోలికే పోనక్కర్లేదు.

ఇదంతా పిల్లి ఇంట్లోకి రాకముందే చెయ్యి. వచ్చాక డ్రిల్లు చప్పుడుకు మంచం కిందికి దూరి రెండు రోజులు బయటికి రాదు. మాది అదే చేసింది.

బల్లికి తోక మళ్ళీ మొలుస్తోంది. మీను రోజూ టీవీ ముందు కూర్చుని, ఎంత పెరిగిందో కొలుస్తున్నట్టు దానివైపే చూస్తోంది.

ఇట్లు
నీ పాత గదిమిత్రుడు