304 కాయిల్ వద్దురా

విశాఖపట్నం

ఒరేయ్,

అద్దాలతో ఎండని ఒకచోటికి మళ్లించి, టర్బైన్‌కి వెళ్లే గాలిని వేడిచేసే నీ సోలార్ రిసీవర్ డ్రాయింగు చూశాను. పది బార్ ప్రెషర్‌లో గాలి, 800 డిగ్రీలు, ఆటోనగర్‌లో చుట్టించబోయే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం కాయిల్. మొదటి రెండూ సరే, మూడోదే కొంప ముంచుతుంది.

వేడి మోయడంలో గాలి వట్టి బద్ధకస్తురాలు. నీళ్లలా గొట్టం గోడ నుంచి వేడి లాక్కోదు. లెక్క వేసి చూడు. ఉష్ణ బదిలీ గుణకం (గోడ నుంచి గాలికి వేడి ఎంత చురుగ్గా పోతుందో చెప్పే అంకె) చదరపు మీటరుకు, డిగ్రీకి 1000 వాట్లు అనుకో (అంత రావాలన్నా గాలి జోరుగా పోవాలి). అద్దాల నుంచి చదరపు మీటరుకు 200 కిలోవాట్లు పడితే, గోడకీ గాలికీ 200 డిగ్రీల తేడా. అంటే గాలి 800 ఉన్నచోట ఎండ తగిలే వైపు లోహం 1000. అక్కడ 304 పెచ్చులూడుతుంది, ఆ ప్రెషర్‌కి రోజూ కొంచెం కొంచెం ఉబ్బి చివరికి చీలుతుంది. చల్లగా హైడ్రో టెస్టులో (నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసేదాంట్లో) నిలబడిందని మురిసిపోకు, క్రీప్ సంగతి, అదే వేడిలో లోహం మెల్లమెల్లగా సాగిపోవడం, ఆ టెస్టుకి తెలీదు. అలాగని టెస్టు మానేసి నేరుగా గాలి ఎక్కించకు. నొక్కిపెట్టిన గాలి పగిలితే బాంబే.

వేగం పెంచితే గోడ చల్లబడుతుంది గానీ, ప్రెషర్ నష్టం ఇంచుమించు వేగం వర్గంతో పెరిగి టర్బైన్ నోటి కూడు లాగేస్తుంది. అందుకే ఒక్క పొడుగు కాయిల్ కాదు, పక్కపక్కనే చాలా సన్న గొట్టాలు, ఇంకొనెల్‌వి (వేడికి ఆగే నికెల్ మిశ్రలోహం). పైనుంచి వేలాడదీసి, కింది కొన వదులుగా వంపు తిప్పు. నాలుగు మీటర్ల గొట్టం 800 డిగ్రీలు వేడెక్కితే ఐదు సెంటీమీటర్లు సాగుతుంది. రెండు కొసలూ బిగిస్తే వెల్డు దగ్గరే తెగుతుంది.

ఎండ దూరే రిసీవర్ నోరు చిన్నదిగా, లోపల గుహలా ఉంచు. 1000 డిగ్రీల్లో నల్లటి చదరపు మీటరు దాదాపు 149 కిలోవాట్లు బయటికి వెదజల్లుతుంది మరి.

గాలి 800 దాటాలంటే గొట్టాలు కాదు, ఎండని లోపలికి వదిలే క్వార్ట్జ్ గాజు గుమ్మటం, దాని వెనక సెరామిక్ నురుగు (స్పాంజిలా చిల్లులున్న పింగాణీ లాంటిది). స్పెయిన్‌లో ఆల్మేరియా దగ్గర సోల్‌గేట్ ప్రాజెక్టు వాళ్లు మూడు రిసీవర్లు వరసగా పెట్టి గాలిని 960కి తెచ్చారు. గుమ్మటం ఉబ్బు ప్రెషర్ వైపే ఉండాలి, గాజు నొక్కుడుకి తట్టుకుంటుంది, లాగుడుకి తట్టుకోదు. ఉత్త చేత్తో ముట్టుకోకు. వేలి చెమటలోని ఉప్పు చాలు, వేడికి గాజు తెల్లబారి పెళుసవుతుంది. మన సముద్రగాలి గురించి వేరే చెప్పాలా? ఆల్కహాల్‌తో తుడిచాకే వేడెక్కించు.

వేడి కొలిచే థర్మోకపుల్స్ కె టైపు కాదు, ఎన్ టైపు. ఎండ తగలని గొట్టం వీపున పెట్టి, ఎదురు వైపు ఇంకా వేడిగా ఉందనే లెక్కతో చదువు.

ముందు గాలి, తర్వాతే అద్దాలు. ఆపేటప్పుడు ముందు అద్దాలు తిప్పెయ్, గాలి మాత్రం ఆడనీ. కరెంటు పోతే అద్దాలు తిరగడానికి బ్యాటరీ వేరే ఉండాలి, ఇది మాత్రం బతిమాలుతున్నా.

గొట్టం బోరు (లోపలి వ్యాసం), మందం, గాలి సెకనుకి ఎన్ని కిలోలో రాసి పంపు. గోడ వేడి మళ్లీ వేసి చూస్తాను.

నీ
మిత్రుడు