మదరసాలో వెల్డింగ్ షెడ్డు కంటే ముందు క్యాలెండరు: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ మైనారిటీ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

పిల్లలు ఉండి చదువుకునే మదరసాలకూ పరిశ్రమలకూ వృత్తి శిక్షణ కోసం ఒప్పందం అనగానే అందరి చూపూ యంత్రాల మీదికి పోతుంది. ముందు క్యాలెండరు చూడండి. మదరసా ఏడాది రంజాన్ తర్వాతి నెల షవ్వాల్‌లో మొదలై, రంజాన్‌కు ముందు నెల షాబాన్‌తో ముగుస్తుంది. చాంద్రమానం కాబట్టి ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఐటీఐ (పారిశ్రామిక శిక్షణ సంస్థ) ఏడాది మాత్రం కదలదు. ఫ్యాక్టరీ శిక్షణకు ఈసారి చక్కగా కుదిరిన రంజాన్ సెలవులు మూడేళ్లకు నెల ముందుకు వచ్చేస్తాయి. వారం సెలవు కూడా అంతే: ఇక్కడ శుక్రవారం, ఫ్యాక్టరీకి ఆదివారం. అందుకే ఫ్యాక్టరీ శిక్షణ తేదీలు ఏటా కొత్తగా రాసుకునే వీలు ఒప్పందంలోనే ఉండాలి.

తర్వాత అర్హత. ఐటీఐలో వెల్డర్‌కు ఎనిమిదో తరగతి చాలు, ఏడాది కోర్సు. ఎలక్ట్రీషియన్‌కు సైన్సు, లెక్కలతో పదో తరగతి కావాలి, రెండేళ్లు. ఖురాన్ కంఠస్థం చేసిన హాఫిజ్ చేతిలో ఈ రెండు కాగితాల్లో ఒక్కటీ లేకపోవచ్చు. 14 ఏళ్లు నిండినవారిని షవ్వాల్‌లోనే ఓపెన్ స్కూల్ పదో తరగతిలో చేర్పించాలి. ఉర్దూ మాధ్యమం ఉంది. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు తేలికని సైన్సు, లెక్కలు వదిలేస్తే ఎలక్ట్రీషియన్ దారి అక్కడే మూసుకుపోతుంది.

ఇక షెడ్డు. 200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ సింగిల్ ఫేజ్ మీద పూర్తి లోడులో 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. అలాంటివి రెండు, వాటికి తోడు నీళ్ల మోటారు ఒకేసారి నడిస్తే, లోడు మించగానే కరెంటు ఆపే స్విచ్చి, అంటే హాస్టల్ ఎంసీబీ పడిపోతుంది. వైరు సన్నదై, దూరం ఎక్కువైతే వోల్టేజీ తగ్గి ఇనుమును కరిగించే విద్యుత్ మంట (ఆర్క్) నిలవదు. పిల్లవాడు తన చేతినే తప్పుపట్టుకుంటాడు. త్రీఫేజ్ లైను, వేరే మీటరు, సరైన ఎర్త్ గుంత పడ్డాకే మిషన్లు దించండి.

మిషన్లు ఇచ్చే దాతలు దొరుకుతారు, వెల్డింగ్‌లో కరిగి అతుకు వేసే రాడ్లు ఇచ్చేవారే దొరకరు. 20 మంది తలా పది చొప్పున కాల్చినా రోజుకు 200 రాడ్లు, దానికి తగ్గ ఇనప ముక్కలు. వానాకాలం చెమ్మ పట్టిన రాడ్లను గంటసేపు ఓవెన్‌లో ఆరబెట్టకపోతే అతుకులో సూదిరంధ్రాలే. ఈ ఖర్చు ఎవరిదో రాసుకోని ఒప్పందంతో షెడ్డుకు తాళమే మిగులుతుంది.

సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) యంత్రాలు, రోబోలు ప్రతి మదరసాకూ అక్కర్లేదు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి ప్రభుత్వం 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని పెట్టుకుంది, హైదరాబాద్‌లోని మల్లేపల్లి ఐటీఐ అందులో ఉంది. పాతబస్తీ నుంచి దానికి బస్సు నడిపితే చాలు. పాతబస్తీ పక్కనే ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడలోని చిన్న యూనిట్లలో 4 నుంచి 29 మంది పనిచేసేచోట అప్రెంటిస్‌ను (పని నేర్చుకునే కుర్రవాణ్ని) పెట్టుకోవడం యజమాని ఇష్టం. స్టైపెండులో 25 శాతం, నెలకు గరిష్ఠంగా రూ.1,500 కేంద్రం భరిస్తుందని వారికి చెప్పి, అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయించే మనిషిని మీ శాఖ నుంచి ఒకరిని పంపండి.

ఇట్లు,
వృత్తి శిక్షణ బోధకులు, హైదరాబాద్