కోళ్ల ఫారం గబ్బుకు కొలత లేదా?

సంపాదకుడు గారికి,

ఊళ్ల పక్కనున్న కోళ్ల ఫారాలపై చర్యలు తప్పవని ఒక అధికారి అన్నట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివి మా రచ్చకట్ట మీద అందరం నవ్వుకున్నాం. వానలు మొదలైనప్పుడల్లా ఈ మాట వింటూనే ఉన్నాం.

జనం ఉండే చోటికి ఫారం 500 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల్లో ఉంది. మా ఊరి ఆఖరి ఇంటి నుంచి షెడ్డు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. 210. డెబ్బై దాటినవాణ్ని, నా అంగ మీటరు అనుకున్నా సగం కాలేదు. పంచాయతీలో అడిగితే ‘పట్టా పొలం, వాళ్లిష్టం’ అన్నారు. పై ఆఫీసులో ఒక సారు ‘వాసనకు కొలత ఎట్లా ఉంటుంది పెద్దాయనా?’ అన్నాడు.

ఎందుకుండదు? ముక్కు బద్దలుకొట్టేది అమ్మోనియా. గాలిలో అది ఘనపు మీటరుకు 24 గంటల సగటున 400 మైక్రోగ్రాములు మించకూడదని 2009లోనే నోటిఫై చేశారు. మిషన్ తెచ్చి పెట్టండి, తేలిపోతుంది. అసలు బోనుల కింద పెంట పొడిగా ఉంటే ఇంత కంపు కొట్టదు. నీళ్ల పైపులు కారి తడిస్తేనే ఈ గతి. ఇక చచ్చిన కోళ్లు నేరుగా వంకలోకే. ఇబ్బంది పెట్టే వ్యాపారాన్ని సరిచేయించే అధికారం ఆర్డీఓకు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 133 సెక్షన్‌లో ఉండేది, దాని బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 152 అయింది. నంబరు ఒక్కటే మారింది.

ఈగల గురించి రాస్తే మీకు అన్నం సయించదు. జొన్నరొట్టెకు కారం అద్దుకునేలోపు రొట్టె నల్లబడుతుంది. మొన్న మనవరాలిని చూడ్డానికి వచ్చినవాళ్లు మజ్జిగ గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టుకునే కూర్చున్నారు. ఏ కబురూ లేదు.

ఫారం ఎత్తేయమని నేననడం లేదు. మావాళ్లు అక్కడే కూలికి పోతారు, ఆ పెంటే మా చేలకు తోలుకుంటాం. పైపులు బాగుచేయించి, పెంట మీద కప్పు వేయించమంటున్నాను. అంతే.

సోమవారం అర్జీలకు రెండుసార్లు పోయాను. రెండోసారికి బ్యానరు మీద కార్యక్రమం పేరు మారింది, కుర్చీల్లో మనుషులు మారారు, నా అర్జీ మాత్రం అదే. చివరికి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అద్దం మీద ఈగల్ని తోలి చదువుకున్నాను.

– ఒక రైతు, కర్నూలు జిల్లా