స్పీకర్ ఒక్కటే కాదు, యాంప్లిఫయర్ కూడా తీసుకురండి

మా షాపుకు ఇంటి స్పీకర్లు రిపేరుకు తెచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఒక పద్ధతి మారుస్తున్నాం. కాయిల్ (లోపలి తీగచుట్ట) కాలిన వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) గానీ, మోగని ట్వీటర్ (పై స్వరాలు మోగించే చిన్న స్పీకర్) గానీ తెస్తే, దాన్ని నడిపే యాంప్లిఫయర్‌ని కూడా వెంట తేవాలి. యాంప్ చెక్ చేసినందుకు డబ్బులు తీసుకోం. యాంప్ చూడకుండా చేసిన కాయిల్ పనికి మాత్రం ఇకపై గ్యారంటీ ఉండదు. అంత బరువు మోసుకురావడం కష్టమని తెలుసు, కొందరికి కోపం వస్తుందనీ తెలుసు. అందుకే కారణం పూర్తిగా చెప్తున్నాను.

యాంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే, పాట ఉన్నా లేకపోయినా డీసీ కరెంటు, అంటే బ్యాటరీలోలా ఒకే దిశలో పోయే కరెంటు, నేరుగా స్పీకర్‌లోకి పోతుంది. స్పీకర్ ముందు గరాటులా ఉండే కోన్ ముందుకో వెనక్కో జరిగి అక్కడే నిలబడిపోతుంది. కాసేపట్లోనే కాయిల్ మాడిపోతుంది. మంచి యాంపుల్లో ప్రొటెక్షన్ రిలే ఉండి లైన్ తెంపేస్తుంది. చవక వాటిలో అది ఉండదు, పాత వాటిలో ఉన్నా పనిచేస్తుందన్న నమ్మకం లేదు. అలాంటి యాంప్‌కి మేం కొత్త కాయిల్ వేసిన వూఫర్ తగిలిస్తే ఆ సాయంత్రమే మళ్లీ పోతుంది. మీ డబ్బు పోయె, మా పని పోయె. మేం చేసే చెకింగ్ చిన్నదే. పాట ఆపి, స్పీకర్ టెర్మినళ్ల మధ్య డీసీ ఎంత ఉందో మీటర్ పెట్టి చూస్తాం. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే భయం లేదు. వోల్టుల్లో చూపిస్తే ముందు యాంప్ బాగుపడాలి, స్పీకర్ సంగతి ఆ తర్వాతే.

రెండో కారణం చాలామంది నమ్మరు. "నా స్పీకర్ 100 వాట్లు, యాంప్ 40 వాట్లే కదండీ, ఎలా కాలుతుంది?" అంటారు. కాలుతుంది. 40 వాట్ల యాంప్‌ని దాని శక్తికి మించి తిప్పితే సిగ్నల్ అలల తలలు కత్తిరించుకుపోతాయి. దాన్నే క్లిప్పింగ్ అంటాం. పూర్తిగా క్లిప్ అయితే అదే యాంప్ నుంచి 80 వాట్ల దాకా పోగలదు. అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. బేస్ అప్పటికే హద్దుకు చేరి ఆగిపోతుంది కాబట్టి, ఆపైన వాల్యూమ్ పెంచితే పెరిగేది పై స్వరాలే. ఆ భారమంతా ట్వీటర్ మీద పడుతుంది. బాక్సు వెనక 100 వాట్లని రాసింది మొత్తం బాక్సుకు. అందులో ట్వీటర్ నిలకడగా తట్టుకునేది కొద్ది వాట్లే.

బేస్ నాబ్ గురించి కూడా చెప్పాలి. చివరిదాకా తిప్పితే చాలా యాంపుల్లో 10 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 డెసిబెల్స్ అంటే పది రెట్ల పవర్. మామూలుగా 5 వాట్లు అడిగే బేస్ అప్పుడు 50 అడుగుతుంది, 40 వాట్ల యాంప్ ఎక్కడి నుంచి తెస్తుంది? మన ఇళ్లలో నేల మార్బులో టైల్సో, గోడలు ఖాళీ. గదంతా గింగురుమంటుంది, చెవికి కీచుగా తగులుతుంది, దాన్ని కప్పడానికి బేస్ పెంచుతాం. ముందు నేల మీద మందపాటి జంపఖానా ఒకటి పరిచి, కిటికీలకు బరువైన కర్టెన్లు వేసి వినండి. నాబ్ మధ్యకు తెచ్చినా సరిపోతుందని మీకే తెలుస్తుంది.

కొత్తవి కొనేవాళ్లు ఏది తీసుకోవాలని అడుగుతుంటారు. మేం కొత్త స్పీకర్లు అమ్మం, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. పెద్ద సౌండ్ కావాలంటే వాట్లు చూడకండి, సెన్సిటివిటీ చూడండి. పీఎంపీఓ అని, క్షణకాలపు పవర్ పేరుతో వేలల్లో రాసిన అంకెనైతే అసలు పట్టించుకోకండి. 1 వాట్ ఇస్తే 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందన్నదే సెన్సిటివిటీ. 87 ఉన్న స్పీకర్ 107 డెసిబెల్స్ మోగాలంటే 100 వాట్లు కావాలి. 97 ఉన్నదానికి 10 చాలు. 87 ఉన్న స్పీకర్‌లో మనం పంపిన పవర్‌లో సౌండుగా మారేది అర శాతం కూడా ఉండదు. మిగతాదంతా కాయిల్‌లో వేడే. కాయిల్ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, సౌండ్ తగ్గుతుంది, మనం ఇంకా తిప్పుతాం. మా దగ్గరికి వచ్చే కాలిన కాయిళ్లలో ఎక్కువ భాగం కథ ఇదే.

ఎక్కువ సెన్సిటివిటీ ఊరికే రాదు. చిన్న బాక్సు, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ ఈ మూడూ ఒక్క చోట దొరకవు. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1946 నుంచి అమ్మిన క్లిప్ష్‌హార్న్ అనే స్పీకర్ 1 వాట్‌కే 105 డెసిబెల్స్ ఇస్తుందంటే, అది గది మూలను మొత్తం ఆక్రమిస్తుంది కాబట్టే. చోటు లేని అపార్ట్‌మెంట్‌లో 90 నుంచి 92 మధ్య ఉన్న జత, ఆర్ఎంఎస్ లెక్కలో, అంటే నిలకడగా, నిజంగా 80 నుంచి 100 వాట్లు ఇచ్చే యాంప్ నా దృష్టిలో మంచి ఎంపిక.

ఇక పాత స్పీకర్లు. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ మన కోస్తా గాలిలో తొందరగా పోతుంది. అది పాలీయూరిథేన్‌ది, తేమకు విరిగిపోతుంది, వేలు పెడితే అప్పడంలా పొడి అవుతుంది. ఎర్ర ఫోమ్ అంచున్న సెర్విన్ వేగా కంపెనీ స్పీకర్లు మా టేబుల్ మీదకు ఎక్కువగా వచ్చేది ఇందుకే. 1970లో వచ్చిన జేబీఎల్ ఎల్100 వూఫర్ అంచు మాత్రం గుడ్డది, దానికి ఈ బాధ లేదు. ఫోమ్ పోయిందని వూఫర్ పారేయకండి, కాయిల్ బాగుంటే అది పూర్తిగా బతుకుతుంది. కానీ చిరిగిన ఫోమ్‌తో మోగించకండి. కోన్ ఒక పక్కకు వాలి కాయిల్ మాగ్నెట్‌కి రాసుకుంటుంది, చిన్న ఖర్చుతో పోయేది రీకోనింగ్ దాకా, అంటే కోన్, కాయిల్ మొత్తం మార్చేదాకా వస్తుంది. జతలో ఒకటే చిరిగినా రెండూ మారుస్తాం, లేకపోతే రెండు పక్కలా ఒకేలా మోగవు. ఫోమ్ బదులు రబ్బరు వేయమని అడిగితే చాలాసార్లు వద్దంటున్నాను. రబ్బరు బరువు, బిగువు వేరు, బేస్ తీరే మారిపోతుంది.

తెచ్చేముందు ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. వైర్లు తీసి, వూఫర్ కోన్‌ని రెండు చేతుల వేళ్లతో సమానంగా మెల్లగా లోపలికి నొక్కండి. గరగర వినిపిస్తే కాయిల్ రాసుకుంటోంది. వూఫర్‌ని బాక్సులోంచి విప్పి మల్టీమీటర్ పెడితే 8 ఓమ్‌లది 5.5 నుంచి 7 మధ్య చూపాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. ట్వీటర్‌ని మాత్రం వేలితో ముట్టుకోవద్దు.

అమెరికా నుంచి తిరిగొచ్చేవాళ్లు తెచ్చే రిసీవర్లు (రేడియో కూడా ఉన్న యాంపులు) చాలావరకు 120 వోల్టులవే. వెనక లేబుల్ చూడకుండా మన 230కి పెట్టకండి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ 8 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. మేం ఎన్ని కాయిళ్లయినా చుట్టగలం, చెవికి మా దగ్గర స్పేర్ లేదు.

వినాయక చవితి నుంచి దసరా దాకా డీజే బాక్సులు తీసుకోం, ఇంటి సెట్లే చేస్తాం. ఆర్టీసీ కార్గోలో పంపేవాళ్లు వూఫర్ విప్పి, కోన్ ముందు గట్టి అట్ట పెట్టి ప్యాక్ చేయండి. యాంప్ పంపలేకపోతే దగ్గర్లోని ఎలక్ట్రీషియన్‌తో డీసీ చూపించి, మీటర్ రీడింగ్ కనబడేలా ఫోటో వాట్సాప్ చేయండి. దాన్నే లెక్కలోకి తీసుకుని గ్యారంటీ రాసిస్తాం.