చూపు లేని నా చేత ఈ గేమ్ ఆడించినవాళ్ళకి కృతజ్ఞతలు

పోయిన ఆదివారం రాత్రి 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' గేమ్ పూర్తి చేశాను. ప్లేస్టేషన్ 4 (పీఎస్ 4) అనే గేమ్ మెషీన్ మీద, మొదటి నుంచి చివరి దాకా, కంట్రోలర్ నా చేతిలోనే ఉంది. నన్ను ఎరిగినవాళ్ళకి తెలుసు, నాకు చూపు లేదు. రెటినైటిస్ పిగ్మెంటోసా. ఇంటర్‌లో రేచీకటితో మొదలై, ఉద్యోగంలో చేరేనాటికి వెలుతురు ఉందో లేదో తెలిసేంత వరకే మిగిలింది. బ్యాంకులో స్క్రీన్ రీడర్‌తో, అంటే తెరమీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, నా పని నేను చేసుకుంటున్నాను, దానికేం ఇబ్బంది లేదు. ఈ పోస్టు నా కళ్ళ గురించి కూడా కాదు. ఈ గేమ్ నా చేత ఆడించినవాళ్ళకి నలుగురిలో థాంక్స్ చెప్పాలని రాస్తున్నాను. ఎదురుగా చెబితే "దానిదేముంది లెద్దూ" అని కొట్టిపారేస్తున్నారు. పేర్లు రాయొద్దని షరతు పెట్టారు కాబట్టి వరసలతోనే సరిపెడతాను.

ముందుగా మా బాబాయి కొడుకు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పీఎస్ 5 కొనుక్కున్నాక పాత పీఎస్ 4ని అమ్ముకోకుండా అట్టపెట్టెలో సర్ది గుంటూరు తెచ్చాడు. మా హాల్లో టీవీకి తగిలించి, "అన్నయ్యా, ఇందులో నువ్వు ఆడగలిగే గేమ్ ఒకటుంది, డిస్క్ లోపలే ఉంది" అని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు పెద్దగా ఆశ పుట్టలేదు. చూపు లేనివాళ్ళ కోసం చేసిన ఆటలు ఫోన్‌లో కొన్ని ఆడాను. ఒకటి రెండు బాగానే ఉంటాయి, కానీ ఒకరో ఇద్దరో కూర్చుని చేసిన చిన్న ఆటలవి. అందరూ ఆడే పెద్ద గేమ్ సంగతి వేరు. నేనేమో చిన్నప్పుడు బ్రాడీపేటలో కాయిన్ వేసి ముస్తఫా గేమ్ ఆడటానికి ట్యూషన్ ఎగ్గొట్టిన బాపతు. చూపుతో పాటు పోయినవాటిలో గేమ్స్‌ని లెక్కలోకి తీసుకోవడం కూడా మానేశాను. చదువు, ఉద్యోగం, రోడ్డు దాటడం లాంటివి ఉండగా వీడియో గేమ్ పోయిందని ఎవరి దగ్గర ఏడుస్తాం?

ఈ గేమ్‌ని అమెరికాలోని నాటీ డాగ్ స్టూడియో చేసింది, 2020 జూన్ 19న విడుదలైంది. వైకల్యం ఉన్నవాళ్ళకి వీలుగా ఇందులో 60కి పైగా సెట్టింగులు పెట్టారు. చూపు, వినికిడి, శరీర కదలిక, ఈ మూడింటికీ మూడు రెడీమేడ్ ప్రీసెట్లు ఉన్నాయి. చూపుకి సంబంధించింది ఎంచుకుంటే కావలసినవన్నీ ఒక్కసారే ఆన్ అవుతాయి. మెనూలనీ, దారిలో దొరికే ఉత్తరాలనీ చదివి వినిపిస్తుంది. ఎడమ స్టిక్‌ని లోపలికి నొక్కితే, అంటే ఎల్3 కొడితే, కథ సాగాల్సిన వైపుకి మనల్ని తిప్పుతుంది. స్టిక్ ముందుకి తోస్తే నడవడమే. దూకాల్సిన చోట ఒక శబ్దం, వంగి దూరాల్సిన చోట ఇంకొకటి, ఇరుకు సందులోంచి ఒరుసుకుంటూ పోవాల్సిన చోట మరొకటి. మేడ అంచుకి వెళితే కంట్రోలర్ వణుకుతుంది, మనిషి కింద పడకుండా ఆగుతాడు. తుపాకీ ఎత్తితే గురి దానంతటదే శత్రువు మీదికి వెళ్ళేలా పెట్టుకోవచ్చు.

మెనూలో ఇవన్నీ ఉన్నాయని తెలిసినంత మాత్రాన ఆడేయలేం. ఇక్కడ విశాఖపట్నం కుర్రాడికి దణ్ణం పెట్టాలి. తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళ ద్వారా పరిచయం, ఇప్పటికీ ఎదురుపడలేదు. అతనికీ చూపు లేదు, నాకంటే ముందే ఈ గేమ్ పూర్తి చేశాడు. అడిగిన ప్రతిదానికీ వాయిస్ మెసేజ్ పంపేవాడు. మొదటిదాంట్లోనే గట్టిగా చెప్పాడు: "అన్నా, కథ మొదలెట్టేయకు. సెట్టింగుల్లో శబ్దాల పట్టిక ఉంటుంది, ముందు అక్కడ కూర్చో. ఏ మోతకి ఏం అర్థమో ఒక్కొక్కటీ నొక్కి వినుకో. టీవీ స్పీకర్లు వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకో. ఎడమ చెవి, కుడి చెవి తారుమారైతే నీ పని అయిపోయినట్టే." చివరి మాట వింటే నవ్వొస్తుంది కానీ, హెడ్‌ఫోన్స్ తిరగేసి పెట్టుకుని ఈ గేమ్‌లో ఒక్క వీధి కూడా దాటలేం.

అతను చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చింది చెవి ఒగ్గి వినే మోడ్. అందరికీ ఉండేదే, కంట్రోలర్ మీది ఆర్1 బటన్ పట్టుకుంటే గోడల అవతలి మనుషుల్ని చూపిస్తుంది. మనకి మాత్రం దాంట్లోనే స్కానింగ్ ఒకటి అదనంగా ఉంది. బటన్ కొడితే చుట్టుపక్కల శత్రువు ఉన్న దిక్కు నుంచి మోత వినిపిస్తుంది, వస్తువులకైతే వేరే మోత. వస్తువుని స్కాన్ చేసి ఎల్3 కొడితే దాని దగ్గరికే తీసుకెళ్తుంది. ఇక క్లిక్కర్లని ఒక రకం రాక్షసులు ఉంటాయి. ఈ కథలో ఫంగస్ సోకిన మనుషులే అలా మారతారు. అది ముదిరి వాటి మొహం పగిలిపోయి కళ్ళుండవు, నోటితో టకటకలాడిస్తూ ఆ ప్రతిధ్వనిని బట్టి మనిషిని పసిగడతాయి. చూపున్నవాళ్ళకి వాటి దగ్గర ఒళ్ళు జలదరిస్తుందట. నాకు మాత్రం గేమ్ మొత్తం మీద సమానమైన పోటీ అనిపించింది అక్కడే.

ఇప్పుడు పక్క ఫ్లాట్ కుర్రాడు. పదో తరగతి. మొదట్లో వాడితో పెద్ద తలనొప్పి. నేను ఒక గదిలో గోడలకి గుద్దుకుంటూ తిరుగుతుంటే వాడి ప్రాణం ఆగేది కాదు. "ఇటివ్వండి అంకుల్, ఒక్క నిమిషంలో దాటించేస్తా" అని కంట్రోలర్ మీద చెయ్యి వేసేవాడు. మంచి మనసే, కాదనను. కానీ చూపు లేనివాళ్ళకి జీవితమంతా జరిగేది ఇదే కదా: ఎవరో ఒకరు మన చేతిలోది లాక్కుని మన పని మనకంటే త్వరగా చేసిపెడతారు, మనం థాంక్స్ చెప్పాలి. ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాను. "ఒరేయ్, నువ్వు కంట్రోలర్ ముట్టుకోకూడదు. అడిగితేనే చెప్పాలి. ఏం కనబడుతోందో చెప్పు, ఏం చేయాలో చెప్పకు. నేను చచ్చినా సరే." వాడు నిజంగా పాటించాడు. నేను చాలాసార్లే చచ్చాను. పెదవి కొరుక్కుంటూ కూర్చునేవాడని తర్వాత వాళ్ళమ్మగారు చెప్పారు.

శత్రువులు ఎక్కడున్నారో చెప్పడానికి వాడే ఓ పద్ధతి కనిపెట్టాడు. కుడి, ఎడమ, ఇంకొంచెం ఎడమ అంటుంటే ఇద్దరికీ గందరగోళంగా ఉండేది. చివరికి క్రికెట్ ఫీల్డింగ్ పెట్టాడు. నేను రైట్ హ్యాండ్ బ్యాట్స్‌మన్‌ని, నా ఎదురుగా బౌలర్. "అంకుల్, పాయింట్‌లో ఒకడు, లాంగాన్‌లో ఇద్దరు, థర్డ్ మ్యాన్‌లో కుక్క!" అనగానే నా బుర్రలో మైదానం మొత్తం పరుచుకునేది. నేను స్కాన్ చేసి విన్నదానికి వాడు చెప్పిన ఫీల్డింగ్ సరిగ్గా అతికేది. చాలా పోరాటాల్లో వాడి అవసరం కూడా లేకపోయింది. స్కాన్ ఒక్కటే సరిపోయేది. అయినా వాడు ఫీల్డింగ్ చెబుతూనే ఉండేవాడు, నేనూ వద్దనలేదు, మజాగా ఉండేది.

ఒకచోట వాడు నాకు పూర్తిగా దొరికిపోయాడు. ఈ గేమ్‌లో అక్కడక్కడా ఇనప్పెట్టెలు ఉంటాయి. వాటి నంబరు దగ్గర్లోనే ఏ చీటీ మీదో, గోడ మీదో దాచిపెడతారు. ఆ రోజు చీటీ కోసం వాడు "వెనక్కి పదండి, ఆ బల్ల దగ్గర చూద్దాం" అంటున్నాడు. నేను పెట్టె దగ్గరే కూర్చుని చక్రం తిప్పుతున్నాను. ఒక్కో అంకెకీ టిక్, టిక్ అంటుంది. సరైన అంకె మీదికి వచ్చినప్పుడు ఆ టిక్ రవ్వంత మారుతుంది. చూపున్న ఆటగాళ్ళు కూడా చాలామంది పట్టేసిన కిటుకే ఇది, నేనేదో కనిపెట్టానని కాదు. కానీ వాడికి తెలియదు. మూడు అంకెలూ చెవితోనే పట్టి పెట్టె తీసేసరికి వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంకుల్, ఇది చీటింగ్" అన్నాడు.

వదిన దగ్గరికి వస్తే ఈ పోస్టు సరిపోదు. ఈ గేమ్‌లో నడకకీ, పోరాటానికీ శబ్దాలున్నాయి కానీ మధ్యలో సినిమాలా వచ్చే సీన్లలో తెరమీద జరిగేది చెప్పే గొంతు లేదు. 2022లో పీఎస్ 5 కోసం 'పార్ట్ 1'ని కొత్తగా చేసినప్పుడు ఆ ఆడియో వివరణ కూడా పెట్టారు. నా దగ్గరున్నదాంట్లో లేదు. మాటలున్నంతసేపూ ఫర్వాలేదు, మాటలు ఆగిపోయి సంగీతం మొదలైతే నేను ఔట్. ఆ ఖాళీ వదిన పూరించింది. తనకి గేమ్స్ అంటే చిరాకు. "ఏంటయ్యా ఈ చంపుకోవడాలు, ఇంట్లో పిల్లలున్నారు" అని మొదటి వారం టీవీ సౌండు తగ్గించమని గొడవ. ఒక రాత్రి ఓ నిశ్శబ్దం దగ్గర నేను "ఏమవుతోంది?" అని అడిగితే వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి నిలబడింది. "ఏమీ అనట్లేదు. ఆ అమ్మాయి కిందకి చూస్తోంది. దవడ బిగించింది. ఏడుపు ఆపుకుంటోంది అనుకుంటా." అంతే చెప్పింది. నాకు అంతే కావాలి. ఇంకెవరైనా అయితే "ఇప్పుడు అది వాణ్ణి చంపేస్తది చూడు" అని మొత్తం కథ చెప్పేసేవాళ్ళు.

ఆ తర్వాత సీన్ వస్తే నేను పాజ్ కొట్టి "వదినా" అని కేకేసేవాణ్ణి. గేమ్‌లో ఎల్లీ అనే అమ్మాయి గిటార్ వాయించే చోట్లు కొన్ని ఉంటాయి. కంట్రోలర్ టచ్‌ప్యాడ్ మీద వేలు జారిస్తే తీగలు మీటినట్టు మోగుతుంది. వదిన కంట్రోలర్ ముట్టుకున్నది అక్కడొక్కచోటే, అదీ నేను బతిమాలితే. సగం దాటాక కథ ఎటు తిరుగుతుందో ఆడినవాళ్ళకి తెలుసు, ఆడనివాళ్ళకి నేను చెప్పను. ఆ మలుపు మీద వదినకి కోపం వచ్చి కొన్నాళ్ళు టీవీ దగ్గరికి రాలేదు. నేనూ ఆపేశాను. మళ్ళీ తనే వచ్చి "ఆ రెండో అమ్మాయి సంగతేంటో తేల్చెయ్, మనసులో పెట్టుకుని ఉండలేను" అంది.

అమ్మకీ అన్నయ్యకీ కూడా థాంక్స్. అమ్మ సీరియల్ టైము వదులుకుంది. అన్నయ్య కరెంటు బిల్లు గురించి ఏమీ అనలేదు.

వీళ్ళతో పాటు నేను థాంక్స్ చెప్పలేని మనిషి ఒకరున్నారు. బ్రాండన్ కోల్, అమెరికన్, చూపు లేనివాడు. ఈ గేమ్‌కి నాటీ డాగ్ వాళ్ళకి సలహాదారుగా పనిచేశాడు. చూపున్నవాళ్ళు కళ్ళు మూసుకుని ఊహించి పెట్టిన సెట్టింగులైతే ఇంత బాగా కుదరవని ఆడుతుంటేనే తెలుస్తుంది. 2023లో వచ్చిన 'ఫోర్జా మోటార్‌స్పోర్ట్' అనే కార్ల గేమ్‌లో చూపు లేనివాళ్ళు డ్రైవింగ్ చేయడానికి పెట్టిన శబ్దాల వెనక కూడా ఆయన సలహాలున్నాయి. మా బ్యాంకు క్యాషియర్ గారింట్లో ఎక్స్‌బాక్స్ మీద ఒకసారి ఆడాను. మలుపు వచ్చే ముందే వినిపిస్తుంది, రోడ్డు అంచుకి వెళితే ఆ చెవిలో తెలుస్తుంది. ఆఖరి స్థానంలో వచ్చాను, కానీ కారు నడిపింది నేనే. బ్రాండన్ 2024లో కన్నుమూశారు.

ఆయనకంటే ముందు రోజుల్లో చూపు లేనివాళ్ళకి దిక్కు సాటి ఆటగాళ్ళే. కెనడాలో జోర్డన్ వెర్నర్ అనే చూపు లేని కుర్రాడి కోసం, 'జెల్డా: ఓకరీనా ఆఫ్ టైమ్'లో ఎక్కడ ఎటు తిరగాలో, ఏ బటన్ నొక్కాలో చూపున్నవాళ్ళు అడుగడుగునా రాసి ఇచ్చారు. అతను స్క్రీన్ రీడర్‌తో అవి చదివించుకుంటూ గేమ్ పూర్తి చేశాడు. ఆ రాసినవాళ్ళు కూడా కంట్రోలర్ అడగలేదు. మా వదిన, ఆ పక్క ఫ్లాట్ వెధవ ఆ బాపతే.

ఒక్క అసంతృప్తి మాత్రం చెప్పి తీరాలి. ఇందులో చదివే గొంతుకి తెలుగు రాదు. నాకు ఇంగ్లీషు ఫర్వాలేదు కానీ, పక్కన కూర్చున్న అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. హెడ్‌ఫోన్స్ కొనడానికి వెళితే షాపులో అబ్బాయి "గేమింగ్‌కా సార్? పిల్లలకా?" అని అడిగి, నాకే అన్నాక మాట రాక మా అన్నయ్య వైపు తిరిగి రేట్లు చెప్పడం మొదలెట్టాడు. డబ్బులు మాత్రం నా ఫోన్ నుంచే కొట్టాను.

తర్వాత 'గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్' ఆడాలని ఉంది. అందులో పజిల్స్ దగ్గర చూపున్నవాళ్ళ సాయం కావాల్సి వస్తుందని ఆడినవాళ్ళు చెబుతున్నారు. పక్క ఫ్లాట్ వాడు పరీక్షలు అయిపోగానే వస్తానన్నాడు. గుంటూరు, విజయవాడల్లో ఎవరి దగ్గరైనా పీఎస్ 4 డిస్క్ ఉంటే ఓ నెల ఇవ్వండి, జాగ్రత్తగా తిరిగిస్తాను. మీలో చూపు లేనివాళ్ళు ఎవరైనా 'పార్ట్ 2' మొదలుపెట్టాలనుకుంటే నాకు చెప్పండి. ఆ విశాఖ వాయిస్ మెసేజ్‌లు అతన్ని అడిగి మీకు పంపిస్తాను, నేను పెట్టుకున్న సెట్టింగులు కూడా చెబుతాను. రాత్రి తొమ్మిది దాటాక వాయిస్ మెసేజ్ పెడితే వెంటనే పలుకుతాను, పగలు బ్యాంకులో ఫోన్ తీయడం కుదరదు.