లైసెన్స్ టెక్సాస్‌ది, గడువు వాషింగ్టన్‌ది

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల మన ఆదివారం తెలుగు బడిలో పెద్ద తరగతి పిల్లలతో అమెరికా చరిత్ర గురించి మాట్లాడుకుంటున్నాం, తెలుగులోనే. వారమంతా ఇంగ్లిష్‌లో చదివిన పాఠాన్ని, ఇండియా నుంచి వచ్చిన తాతయ్యకో అమ్మమ్మకో కూర్చోబెట్టి చెప్పగలగాలని మా కోరిక. మొదటి వారమే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకటడిగింది: "అమ్మకి లైసెన్స్ ఇచ్చింది టెక్సాస్. వీసా ఇచ్చింది వాషింగ్టన్, అంటే కేంద్రం. మరి వీసా గడువు అయిపోతే లైసెన్స్ కూడా ఎందుకు అయిపోతుంది?"

ఆ టెన్షన్ మీలో చాలామందికి తెలుసు. ఎక్స్‌టెన్షన్ కాగితం చేతికి వచ్చేదాకా కారు తాళాలు పక్కన పెట్టిన ఇళ్లు మన బడిలోనూ ఉన్నాయి. అమ్మాయి అడిగింది ఇంటి సంగతే అయినా, కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య ఈ దేశం పుట్టినప్పటి నుంచీ తెగని తగాదా అందులోనే ఉంది. నెలంతా దాని మీదే గడిపాం.

తొలి రోజుల కథ పిల్లలకు వచ్చు కాబట్టి త్వరగా దాటేశాం. 1781లో అమల్లోకి వచ్చిన, రాష్ట్రాలు కలిసి చేసుకున్న మొదటి ఒప్పందం ప్రకారం కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారమే లేదు. ఖజానా ఖాళీ, రాష్ట్రాలు ఇస్తే ఇచ్చినట్టు. 1786లో మసాచుసెట్స్ రైతులు అప్పుల బాధతో తిరగబడితే అణచడానికి కేంద్రం దగ్గర సైన్యం కూడా లేకపోయింది. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో కూర్చుని కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. కేంద్రం మరీ బలపడుతుందేమోనన్న భయంతో 1791లో పదో సవరణ తెచ్చారు. కేంద్రానికి అప్పగించనివీ, రాష్ట్రాలకు వద్దని చెప్పనివీ రాష్ట్రాలకో ప్రజలకో చెందుతాయని దాని సారం.

మేం ఎక్కువసేపు ఆగింది 1850 దగ్గర. ఆ ఏడాది కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, పారిపోయిన బానిస ఏ రాష్ట్రంలో దొరికినా పట్టి యజమానికి అప్పగించాలి. మిస్సోరీ నుంచి పారిపోయి విస్కాన్సిన్‌లో బతుకుతున్న జాషువా గ్లోవర్ అనే మనిషిని 1854లో అలాగే పట్టుకుని మిల్వాకీ జైల్లో పెట్టారు. జనం జైలు తలుపు బద్దలుకొట్టి ఆయన్ను విడిపించారు. ఆయన కెనడా చేరాడు. జనాన్ని కూడగట్టిన షెర్మన్ బూత్ అనే పత్రికా సంపాదకుణ్ణి ఫెడరల్ (కేంద్ర) అధికారులు అరెస్టు చేస్తే, విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఆ చట్టమే చెల్లదని చెప్పి వదిలేసింది. 1859లో దేశ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

ఇక్కడ పిల్లలు కాస్త తికమకపడ్డారు. దక్షిణాది రాష్ట్రాలు యూనియన్ నుంచి విడిపోయింది తమ రాష్ట్ర హక్కుల కోసమేనని ఎక్కడో విని ఉన్నారు. అందుకే 1861లో మన టెక్సాస్ విడిపోతూ చేసిన ప్రకటన చదివించాం. అందులో విస్కాన్సిన్‌తో సహా పన్నెండు రాష్ట్రాల పేర్లు వరసగా రాసి, బానిసలను అప్పగించాలన్న రాజ్యాంగ షరతును అవి తమ సొంత చట్టాలతో ఉల్లంఘించాయని ఫిర్యాదు చేశారు. అంటే పక్క రాష్ట్రాలు తమ అధికారం వాడుకోవడమే ఆ రోజు టెక్సాస్ పెద్దలకు తప్పుగా కనిపించింది. వాళ్లకు కావలసింది బానిసత్వం. దాన్ని కాపాడినంతకాలం వాళ్లకు కేంద్రం చట్టమూ ముద్దే, రాష్ట్రం హక్కూ ముద్దే. ఈ మాట పిల్లలకు నేను మెత్తగా చెప్పలేదు.

వందేళ్ల తర్వాత వ్యవహారం తిరగబడింది. బడుల్లో పిల్లల్ని రంగును బట్టి వేరు చేయడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు చెప్పింది. 1957 సెప్టెంబర్ 4న అర్కాన్సాస్‌లోని లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సెంట్రల్ హైస్కూల్లో చేరడానికి బయల్దేరారు. ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్‌కు అప్పుడు పదిహేనేళ్లు. అందరూ కలిసి వెళ్దామన్న కబురు, ఇంట్లో ఫోన్ లేక, ఆమెకు అందలేదు. ఒక్కతే వెళ్లింది. గవర్నర్ ఓర్వల్ ఫౌబస్ దింపిన నేషనల్ గార్డ్ (మామూలుగా గవర్నర్ ఆజ్ఞ కింద ఉండే రాష్ట్ర దళం) సైనికులు తుపాకులు అడ్డం పెట్టారు. వెనక గుంపు అరుస్తుంటే ఆ పిల్ల నడుచుకుంటూ వెళ్లి బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చుంది. మన పిల్లల వయసే కదా. తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సెప్టెంబర్ 24న ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ కేంద్ర సైన్యంలోని 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ నుంచి వెయ్యి మందికి పైగా సైనికులను పంపాడు. దాంతోపాటు అర్కాన్సాస్ నేషనల్ గార్డ్ మొత్తాన్ని గవర్నర్ చేతిలోంచి తీసి తన ఆజ్ఞ కిందకి తెచ్చుకున్నాడు. నెల మొదట్లో పిల్లల్ని ఆపిన గార్డే ఇప్పుడు వాళ్లకు కాపలా కాయాల్సి వచ్చింది. యూనిఫాం మారలేదు, యజమాని మారాడు. అంతటితో అయిపోలేదు. 1958లో గవర్నర్ ఆ ఊళ్లో ప్రభుత్వ హైస్కూళ్లన్నీ మూయించాడు. ఏడాదిపాటు ఆ బడుల తలుపులు తెల్లపిల్లలకూ తెరుచుకోలేదు, నల్లపిల్లలకూ తెరుచుకోలేదు. ఒక బడి నడిపే మనిషిగా నాకు ఆ ఏడాది తలుచుకుంటేనే కడుపులో తిప్పుతుంది.

తరగతికి వచ్చిన ఒక తాతగారు తెలంగాణ సంగతి ఎత్తారు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించినా పార్లమెంట్ కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేయగలిగింది, ఎందుకంటే భారత రాజ్యాంగం మూడో అధికరణ రాష్ట్రం అభిప్రాయం అడగమంటుంది, ఒప్పుకోలు అక్కర్లేదు. ఇక్కడ మాత్రం ఒక రాష్ట్రాన్ని చీల్చాలంటే ఆ రాష్ట్ర శాసనసభ సరేననాలి. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఇది కొత్త సంగతి. తాతగారిని ఆరోజు త్వరగా వదల్లేదు.

ఇక అమ్మాయి ప్రశ్న. రాష్ట్ర ఆఫీసులకు కేంద్రం నేరుగా ఇది చేయండని ఆజ్ఞ వేయకూడదని సుప్రీంకోర్టు 1990లలో చెప్పింది. అందుకని కేంద్రం పక్కదారి పడుతుంది. 1984లో మద్యం కొనే వయసు 21కి పెంచని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెడతామంది. సౌత్ డకోటా కోర్టుకెక్కి 1987లో ఓడిపోయింది. 2005 నాటి రియల్ ఐడీ చట్టమూ అలాంటిదే. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రమే, కానీ విమానాశ్రయంలో అది చెల్లాలంటే కేంద్రం పెట్టిన షరతులు పాటించాలి. తాత్కాలికంగా ఉంటున్నవారి లైసెన్స్ వాళ్లకిచ్చిన గడువు దాటకూడదన్నది వాటిలో ఒకటి. అమ్మ కారు తాళాలు ఆగింది అక్కడ.

తల్లిదండ్రులుగా మీరొక సాయం చేయాలి. ఇంట్లో ఈ మాట వస్తే ఏదో ఒక పార్టీ మాటగా తేల్చేయకండి. ఆ అధికారం ఆ రోజు ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీద వాడారు అని పిల్లల్నే అడగండి.

వచ్చే ఆదివారానికి హోంవర్క్: ఇంట్లో ఉన్న కాగితాల జాబితా రాసి, ఏది ఏ ప్రభుత్వం ఇచ్చిందో పక్కన రాసుకురావాలి. కాగితాలు మాత్రం పంపకండి, జాబితా చాలు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లుంటే తరగతికి తీసుకురండి. కుర్చీలు వేయించి ఉంచుతాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు